టవర్ మన కొండమీద, మైకు ఎక్కడో: లోకల్ రేడియోలో ‘లోకల్’ ఎంత?

మొదలుపెట్టేముందు ఒక చిన్న పని. మీ ఫోన్‌లో ఎఫ్‌ఎం యాప్ ఉంటే తెరవండి. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టమని అడుగుతుంది. ఎందుకంటే ఆ వైరే యాంటెన్నా. బ్లూటూత్ బడ్స్‌తో పని జరగదు.

పోయిన నెల విశాఖ నుంచి అరకు వెళ్తూ బస్సులో నేనూ ఇదే చేశాను. శృంగవరపుకోట దాకా విశాఖ స్టేషన్లు బాగానే వచ్చాయి. ఘాట్ ఎక్కుతుంటే ఒక మలుపులో పాట, ఇంకో మలుపులో బుస్సుమని చప్పుడు. లోయలోకి దిగేసరికి ఆ చప్పుడే మిగిలింది. పక్క సీట్లో ఉన్న తాత “ఏం వెతుకుతున్నావు బాబూ?” అనడిగాడు. రేడియో అన్నాను. “దొరికినా అందులో మా మాట ఉండదులే” అన్నాడు. ఆయన ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా.

ఆ ఒక్క మాట మీదే ఈ ఎపిసోడ్.

ముందు సిగ్నల్ సంగతి చూద్దాం. ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు టార్చ్‌లైట్ వెలుగులా తిన్నగా వెళ్తాయి. మధ్యలో కొండ అడ్డొస్తే వెనక నీడ పడినట్టే. పాతకాలం మీడియం వేవ్ అలా కాదు, నేలను పట్టుకుని చాలా దూరం పోతుంది. అందుకే మన తాతల ట్రాన్సిస్టర్లలో ఎక్కడెక్కడి స్టేషన్లో వినబడేవి. ఎఫ్‌ఎంకి మాత్రం తూర్పు కనుమల్లాంటి చోట లోయకొక ట్రాన్స్‌మీటర్ కావాలి.

సరే, టవర్ పెట్టేస్తే అయిపోతుందా? ఇక్కడే అసలు విషయం ఉంది. 2023 ఏప్రిల్ 28న ఆకాశవాణికి దేశవ్యాప్తంగా 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మీటర్లు ఒకేరోజు ప్రారంభించారు. ఒక్కోటి 100 వాట్లు. ఇలాంటి చిన్న ట్రాన్స్‌మీటర్లు ఎక్కువగా చేసేది రిలే. అంటే వేరేచోట తయారైన ప్రోగ్రాంని అందుకుని వదలడం. నా సాఫ్ట్‌వేర్ బుర్రకి ఇది స్క్రీన్ మిర్రరింగ్ లాంటిది. బొమ్మ మీ టీవీలో వస్తుంది, కంట్రోల్ మాత్రం ఇంకొకరి ఫోన్‌లో ఉంటుంది.

ప్రైవేట్ ఎఫ్‌ఎంలకీ ఈ దారి ఉంది. 2011లో వచ్చిన మూడో దశ విధానం ప్రకారం, ఒక కంపెనీ తన ప్రోగ్రాంని దేశంలో తనకున్న మిగతా స్టేషన్లలో కూడా వేసుకోవచ్చు. ఖర్చు తగ్గుతుంది, తప్పు పట్టలేం. పాటలకైతే ఏ స్టూడియో అయినా ఒకటే.

కానీ రాత్రి ఒంటిగంటకి ప్రమాదం జరిగితే?

2002 జనవరి 18న అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం, మైనాట్ పట్నం దగ్గర అర్ధరాత్రి దాటాక గూడ్స్ రైలు పట్టాలు తప్పింది. అమ్మోనియా గ్యాస్ ఊరిమీదికి వచ్చింది. ఊళ్ళో ఆరు కమర్షియల్ రేడియో స్టేషన్లూ ఒకే కంపెనీవి. పోలీసులు ఫోన్ చేస్తే స్టేషన్‌లో ఎవరూ ఎత్తలేదన్నారు. మనిషి ఉన్నాడనీ, హెచ్చరిక పరికరాన్ని పోలీసులే సరిగ్గా పెట్టుకోలేదనీ కంపెనీ అంది. తప్పెవరిదైనా, జనానికి మాట అందలేదు. ఒకరు చనిపోయారు, వందలమంది ఇబ్బందిపడ్డారు. ఇంత జరిగాక కూడా, స్టేషన్‌కి లైసెన్స్ ఉన్న ఊళ్ళోనో దగ్గర్లోనో మెయిన్ స్టూడియో ఉండాలనే దాదాపు 80 ఏళ్ళ రూలుని అక్కడి నియంత్రణ సంస్థ 2017 అక్టోబర్ 24న 3–2 ఓట్లతో తీసేసింది. ఇప్పుడంతా ఆన్‌లైనే కదా అన్నది వాదన.

మీరూ అదే అడగొచ్చు: “బ్రో, యూట్యూబ్ ఉండగా రేడియో ఎందుకు?” 2014 అక్టోబర్ 12 గుర్తు తెచ్చుకోండి. హుద్‌హుద్. విశాఖలోనే కరెంటు లేదు, ఫోన్లు లేవు. అరకు కాఫీ తోటల్లో నీడ చెట్లు కూలిపోయాయి. అలాంటి రోజున రెండు సెల్లుల రేడియో పలుకుతుంది, డేటా అడగదు. అయితే ఏ వాగు పొంగిందో, డోలీ మోసుకొచ్చేవాళ్ళు ఏ దారిన రావాలో దూరపు స్టూడియోకి తెలియదు. తెలిసినా కువి మాట్లాడే అమ్మకి అర్థమయ్యేలా చెప్పలేదు.

మరి మన రూల్స్ ఏమంటున్నాయి? వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకీ కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచారు. ట్రాన్స్‌మీటర్, యాంటెన్నా ఆ సముదాయం ఉన్న ప్రాంతంలోనే ఉండాలి. కనీసం సగం ప్రోగ్రాంలు స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. ఈ రెండిట్లో మొదటిది చెక్ చేయడం ఈజీ, టవర్ కంటికి కనిపిస్తుంది. రెండోదే గట్టిది. పట్నంలో రికార్డ్ చేసి ఫైల్ పంపిస్తే టవర్ రూలు పాసవుతుంది, ఈ రూలు దగ్గర మాత్రం దొరికిపోతుంది.

రెండూ నిలబెట్టిన చోటు చూడాలంటే జహీరాబాద్ దగ్గర మాచనూర్. అక్కడ సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న మొదలైంది. దళిత మహిళలే నడుపుతారు. స్టూడియో ఆ ఊళ్ళోనే. విత్తనాలు, పంటలు, పాటలు అన్నీ వాళ్ళ యాసలోనే. ఇటు అరకు పక్కనే, సరిహద్దు దాటితే ఒడిశా కోరాపుట్‌లో ఒక కమ్యూనిటీ రేడియో ఉంది. పేరు రేడియో ధింసా. అవును, అరకులో మనం వీడియోలు తీసుకునే ఆ ధింసానే!

కాబట్టి ఏదైనా స్టేషన్ “మీ లోకల్ రేడియో” అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఫోన్ చేస్తే ఎత్తేది ఏ ఊళ్ళో? ప్రోగ్రాం ఏ భాషలో? వాగు పొంగిన రాత్రి మైకు ముందు ఎవరున్నారు?

చివరిగా ఒక నిజం ఒప్పుకోవాలి. నేనిదంతా మాట్లాడుతున్నది హైదరాబాద్‌లో ఒక అద్దెగదిలోంచి. అరకు గురించి చెప్తున్న దూరపు స్టూడియోని నేనూ ఒకణ్ణే. తాత అన్నది నాక్కూడా తగిలింది. అందుకే వచ్చే ఎపిసోడ్ అరకులోనే తీస్తున్నాను. మాట ఆదివాసీ ఒడియాలో, తెలుగు కింద సబ్‌టైటిల్స్‌లో. మైకు వాళ్ళ చేతిలో, కెమెరా నా చేతిలో. కలుద్దాం, బై!