మీ కాలేజీ, మీ ఆఫీసు ఏం కొంటున్నాయి? ఇండెంట్ కాగితం కథ

ధర్మపురి నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు టాపిక్ షాపింగ్. కానీ మీ షాపింగ్ కాదు. మీ కాలేజీ చేసే షాపింగ్, మీ ఆఫీసు చేసే షాపింగ్.

చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఒకటే అడుగుతుంటారు. "అన్నా, నేను ఇంటి నుంచి స్టీల్ బాటిల్ తీసుకపోత, సంచి కూడా గుడ్డదే. కానీ కాలేజీల ఫంక్షన్ అయితే ఒక్క పూటకే రెండు బస్తాల కప్పులు, ప్లేట్లు. ఇగ నా ఒక్క బాటిల్‌తోటి ఏమైతది?" న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఏంటంటే, ఆ రెండు బస్తాలు ఆ రోజు పుట్టలేదు. అంతకు కొన్ని వారాల ముందు ఎవరో ఒక కాగితం మీద "పేపర్ కప్పులు, పెద్దవి, 2,000" అని రాసినప్పుడే పుట్టాయి. ఆ కాగితం పేరే ఇండెంట్.

ఇండెంట్ అంటే తెలియని వాళ్లకు చెప్తా. ఏ డిపార్ట్‌మెంట్‌కు ఏం కావాలో ఆ డిపార్ట్‌మెంట్ వాళ్లు రాసి పైకి పంపిస్తారు. ప్రిన్సిపాల్ గానీ, పెద్ద సారు గానీ సంతకం పెడతారు. తర్వాత మామూలుగా మూడు షాపుల నుంచి కొటేషన్లు తెప్పిస్తారు. ఎవరిది తక్కువ ఉంటే వాళ్లకు ఆర్డర్. ఈ తక్కువ ధర వాళ్లనే ఆఫీసు భాషలో ఎల్ వన్ అంటారు. ఇక్కడ అసలు మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. కొటేషన్లు వచ్చాక మీరు పోయి "సార్, ఇది మంచిది కాదు, ఇంకోటి తీసుకుందాం" అంటే సారు కూడా ఏం చేయలేరు. తక్కువ ధర వదిలి ఎక్కువ ధరకు ఎందుకు కొన్నావని రేపు ఆడిట్‌లో ఆయన్నే అడుగుతారు. కాబట్టి మాట్లాడాల్సింది కొటేషన్ రాకముందే, ఇండెంట్ రాసేటప్పుడే. "ఫ్యాన్లు 10" అని రాస్తే చవక ఫ్యాన్ వస్తుంది. "ఐదు స్టార్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు 10" అని రాస్తే ముగ్గురు షాపుల వాళ్లూ ఆ రకం ఫ్యాన్‌లోనే పోటీ పడతారు. రూల్ అదే, ఎల్ వన్ అదే, వచ్చే సామాను వేరు.

ఫ్యాన్ లెక్క ఒకటి చూద్దాం, ఎందుకంటే సార్ల ముందు పర్యావరణం గురించి లెక్చర్ ఇస్తే వినరు, లెక్క చూపిస్తే వింటారు. పాత మామూలు ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 దగ్గర ఉంటుంది. తేడా 45 వాట్లు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 రోజులు తిరిగిందనుకోండి, ఒక్క ఫ్యాన్ మీద 90 యూనిట్లు మిగులుతాయి. క్లాస్‌రూంలో ఆరు ఫ్యాన్లుంటే 540 యూనిట్లు. యూనిట్‌కు మీ కాలేజీ ఎంత కడుతుందో కరెంటు బిల్లు మీదే ఉంటుంది, దానితో గుణించి సారుకు చూపించండి. ఇంకొకటి, 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. ఏసీ, ఫ్రిజ్ లేబుల్ మీద స్టార్లతో పాటు ఏ సంవత్సరాలకు చెల్లుతుందో కూడా ఉంటుంది. అది చదవకుండా స్టార్లు మాత్రమే లెక్కపెడితే లాభం లేదు. రూల్స్ గట్టిపడ్డ కొద్దీ పాత ఐదు స్టార్లు కొత్త లెక్కలో మూడో నాలుగో అవుతాయి. గోడౌన్‌లో మిగిలిన పాత స్టాకు కాలేజీలకు అంటగట్టేది ఇక్కడే.

ఇప్పుడు చాయ్ కప్పుల దగ్గరికి వద్దాం. నాకు ఇది కొంచెం మనసుకు దగ్గరి సబ్జెక్టు.

2022 జూలై 1 నుంచి దేశమంతా ఒకసారి వాడి పడేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులు నిషేధం. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, థర్మాకోల్ డెకరేషన్, 100 మైక్రాన్ల కంటే పలచటి పీవీసీ బ్యానర్లు, ఇవన్నీ ఆ లిస్టులో ఉన్నాయి. దాంతో అందరూ పేపర్ కప్పులకు మారి "మేము మారినం" అనుకున్నారు. కానీ పేపర్ కప్పు లోపల ఒక పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. లేకపోతే చాయ్ కారిపోతుంది కదా! 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు పరీక్ష చేస్తే, 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు అట్లాంటి కప్పులో 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు నీళ్లలోకి వచ్చాయని తేలింది. ఆ పొర వల్లే ఈ కప్పును మామూలు కాగితంలా రీసైకిల్ చేయడం కూడా కష్టం. చిత్తు కాగితాలు కొనే ఆయన్ని అడిగి చూడండి, ఈ కప్పులు తీసుకుంటాడేమో.

నేను పనిచేసే ఆఫీసులో ఇరవై మందిమి. రోజుకు రెండు చాయ్‌లు, 300 రోజులు. 12,000 కప్పులు. కప్పు అర్ధరూపాయి వేసుకున్నా 6,000 రూపాయలు. ముప్పై స్టీలు గ్లాసులు కొంటే అందులో సగం కూడా కాదు, పైగా ఏళ్లకేళ్లు ఉంటాయి. లెక్క మస్తుగుంది కదా? నేను కూడా హుషారుగా ఈ లెక్క చెప్పిన. అప్పుడు మా దగ్గర పనిచేసే అక్క ఒక్క మాట అన్నది. "చాయ్ మీరు తాగుతరు సారు, మీ లెక్క మంచిగనే ఉన్నది. రోజుకు నలభై గ్లాసులు ఎవరు తోముతరు?"

ఈ ప్రశ్నకు జవాబు లేకుండా స్టీలు గ్లాసులు కొంటే, మనం పర్యావరణానికి చేసిన మేలు అంతా ఆ అక్క రెక్కల మీద పడుతుంది. జీతం పెరగదు, పని పెరుగుతుంది. చాలాచోట్ల స్టీలు గ్లాసులు బీరువాలోకి పోయి మళ్లీ పేపర్ కప్పులు రావడానికి కారణం నా ఉద్దేశంలో ఇదే. మా దగ్గర చివరికి ఏం ఒప్పుకున్నామంటే, ఎవరి గ్లాసు మీద వాళ్ల పేరు, ఎవరిది వాళ్లే కడుక్కోవాలి, మేనేజరు సారుతో సహా. బయటి నుంచి వచ్చినవాళ్ల గ్లాసులు మాత్రం వంతుల వారీగా. మొదటి నెల గొణుగుడు ఉండే. ఇప్పుడు లేదు. మీ దగ్గర ప్రపోజల్ పెడితే, కొనే లైన్‌తో పాటు కడిగే లైను కూడా రాయండి. సింక్ ఎక్కడ, సబ్బు ఎవరు తెస్తారు, అన్నీ.

పేపర్ విషయంలో మన ఉత్తర తెలంగాణ వాళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. మీ జిరాక్స్ సెంటర్‌లో వాడే కాగితం మన పక్క ఊరిదే కావచ్చు! సిర్పూర్ పేపర్ మిల్లు ఉన్నది కాగజ్‌నగర్‌లో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. ఆ ఊరి పేరే కాగితం నుంచి వచ్చింది. నిజాం కాలం నాటి మిల్లు. 2014లో మూతపడి, జేకే పేపర్ చేతికి వచ్చాక మళ్లీ మొదలైంది, 2018లో. ఆ నాలుగేళ్లు ఆ ఊరు ఎట్లా బతికిందో అక్కడి వాళ్లను అడిగితే చెప్తారు. అందుకే కాగితం కొనడం అంటే చెట్ల ముచ్చట ఒక్కటే కాదు, మనుషుల ముచ్చట కూడా. అట్లని దగ్గరిది కాబట్టి మంచిదే అని కూడా అనను, ఏ పేపర్ మిల్లుకైనా కలప కావాలి, నీళ్లు బాగా కావాలి. ఎక్కడి కాగితం అనే దానికంటే ఎంత కాగితం అనేది పెద్ద ప్రశ్న.

ఇంజినీరింగ్ వాళ్లు, ఇది మీకోసం. అరవై మంది క్లాసు, నలుగురికి ఒక ప్రాజెక్టు, పదిహేను టీములు. ఒక్కో రిపోర్టు 60 పేజీలు, ఆరు కాపీలు. ఒకవైపే ప్రింట్ చేస్తే 5,400 కాగితాలు, అంటే దాదాపు పదకొండు కట్టలు. రెండువైపులా అయితే ఐదున్నర. ఒక్క క్లాసుది. "ఒకవైపే ప్రింట్ చేయాలి" అన్న రూలు నిజంగా యూనివర్సిటీది ఉందా, లేక సీనియర్లు చెప్పిన అలవాటా? ముందు అది కనుక్కోండి. రూలు ఉంటే మార్చమని హెచ్‌ఓడీకి లెటర్ పెట్టండి. ఆరు కాపీల్లో నాలుగు పీడీఎఫ్‌గా ఇస్తామనండి. మీ పైసలు కూడా మిగులుతాయి, హార్డ్ బైండింగ్ ఎంతో మీకు తెలుసు.

ఫ్లెక్సీల గురించి ఎక్కువ చెప్పను. ఒక్క చిట్కా. బ్యానర్ మీద తేదీ, ముఖ్య అతిథి పేరు ప్రింట్ చేయించకండి. కాలేజీ పేరు, ఫెస్ట్ పేరు గుడ్డ మీద ఒకసారి రాయించి, మిగతాది కాగితం మీద రాసి అతికించండి. అదే బ్యానర్ ఐదేళ్లు నడుస్తుంది. గుడ్డ అంటే సిరిసిల్ల మన పక్కనే ఉంది. మరమగ్గాల మీద నేసేది చాలావరకు పాలిస్టర్, అది కూడా ప్లాస్టిక్ దారమే, ఆ సంగతి దాచను. కాటన్ అని ఇండెంట్‌లో రాస్తేనే కాటన్ వస్తుంది. అతిథులకు ఇచ్చే మెమెంటోలు కూడా అంతే. ఎవరి షోకేసులోనూ చోటులేని ఫైబర్ షీల్డుల బదులు నిర్మల్ బొమ్మ గానీ, బడ్జెట్ ఉంటే కరీంనగర్ వెండి ఫిలిగ్రీ గానీ ఇస్తే, ఆ పైసలు మన దగ్గరి పనివాళ్లకు పోతాయి.

భోజనాల దగ్గర స్టీలు ప్లేట్లు కిరాయికి దొరకవు అంటారా? సిద్దిపేటలో స్టీల్ బ్యాంకులు పెట్టారు. ఫంక్షన్ ఉంటే ప్లేట్లు, గ్లాసులు తీసుకపోయి, వాడి, తిరిగి ఇవ్వడమే. స్టీలు వీలుకాకపోతే మోదుగ ఇస్తారి. కొనేముందు వెనక్కి తిప్పి చూడండి, ఆకు కింద ప్లాస్టిక్ షీటు అతికించి అమ్మేవి కూడా ఉన్నాయి. నీళ్ల సంగతి అయితే సిక్కిం 2016లోనే ప్రభుత్వ మీటింగుల్లో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు వద్దన్నది. మన దగ్గర 20 లీటర్ల క్యాన్ హాలు మూలకే ఉంటుంది, అయినా టేబుల్ మీద చిన్న బాటిళ్లు వరుసగా పెడతాం. సగం తాగి వదిలేస్తాం.

ఇదంతా ఇప్పుడే ఎందుకు చెప్తున్నానంటే మా ఊరి గురించి. 2015 జూలై 14 నుంచి 25 వరకు గోదావరి పుష్కరాలు జరిగాయి. ధర్మపురికి ఎంత మంది వచ్చారో చూసినవాళ్లకు గుర్తే. మళ్లీ పుష్కరాలు 2027లో. ఆ పన్నెండు రోజులు ఘాట్ల దగ్గర అన్నదానాలు, మజ్జిగ పంపిణీ, మెడికల్ క్యాంపులు, ఎన్ఎస్ఎస్ వాలంటీర్లు, డ్యూటీకి వచ్చే వందల మంది ఉద్యోగులు. ప్రతి శాఖ, ప్రతి కాలేజీ, ప్రతి సంఘం కప్పులు, ప్లేట్లు, ఫ్లెక్సీలు, బాటిళ్లు కొంటుంది. చెత్త బుట్టలు ఎన్ని పెట్టినా, గాలికి లేచింది మెట్ల మీద నుంచి నదిలోకే పోతుంది. దాన్ని ఏరేది తెల్లారకముందే వచ్చే సఫాయి అక్కలు, అన్నలు.

ఆ కొనుగోళ్లన్నిటికీ ఎవరో ఒకరు ఇండెంట్ రాస్తారు. మీ కాలేజీ ఎన్ఎస్ఎస్ యూనిట్ క్యాంపు పెట్టాలనుకుంటే ఆ లిస్టు రాసే సారు ఎవరో కనుక్కోండి. పెద్ద ఉద్యమం ఏం అక్కర్లేదు, లిస్టులో రెండు లైన్లు మారిస్తే చాలు. "డిస్పోజబుల్ గ్లాసులు" కొట్టేసి "స్టీలు గ్లాసులు, కిరాయికి" అని, "నీళ్ల బాటిళ్లు" కొట్టేసి "క్యాన్లు, కుళాయి ఉన్న డ్రమ్ములు" అని. కడిగేవాళ్లకు కూలి ఎంతో మూడో లైన్‌లో రాయించండి, అది మర్చిపోవద్దు.

చివరగా చిన్న హోంవర్క్. రేపు మీ ఆఫీసులో గానీ, జిరాక్స్ సెంటర్‌లో గానీ కాగితం కట్ట కవరు తిప్పి చూడండి. ఏ మిల్లుది, ఎన్ని జీఎస్ఎం, ఏ లేబుల్ ఉంది. ఫొటో తీసి పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ ఫొటోలు చూపిస్తూ లేబుళ్లు చదవడం గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.