సూర్యరశ్మితో త్రాగునీటి శుద్ధి

నూలు ధరలు, రిబేటు, మజూరీలు మొదలగు విషయములనే సాధారణముగా ఈ పత్రికలో వ్రాయుచుందుము. ఈ మారు త్రాగునీటిని గూర్చి వ్రాయుచున్నాము. మన వృత్తికి దీనితో నేమి సంబంధమని కొందరు సభ్యులు అడుగవచ్చును. తొలకరి పడిన తరువాత నెల రోజులలో ఎన్ని మగ్గములు ఊరక నిలిచిపోవునో సంఘపు రిజిస్టరు తిరుగవేసినచో తెలియును. నేతగానికి విరేచనములు పట్టినచో పడుగు మగ్గము మీదనే యుండిపోవును. బిడ్డకు పట్టినచో కండెలు చుట్టు తల్లి వాని ప్రక్కనుండి లేవజాలదు. మన కూలి నేసిన గజములను బట్టి వచ్చునది గాని నెల జీతము కాదు. నాలుగు దినములు గుంటలోనికి దిగనివానికి ఆ నాలుగు దినముల మజూరీ ఎవ్వరును ఈయరు.

షోలాపూరులో నున్నవారికి, బరంపురములో నున్నవారికి, సేలము, బెంగుళూరు, యానాములలో నున్నవారికి నీటి వసతి ఒకే రీతిగా నుండదు. కొందరికి కొళాయి, కొందరికి బోరుబావి, కొందరికి కాలువ. కొళాయి గలవారు సైతము నీరు వచ్చినప్పుడు పట్టి నిలువ జేసికొనవలసి యుండును. కొళాయి వద్ద బాగుగనే యున్న నీరు బిందెలో ముంచిన చేతుల వలన, మూతలేని తొట్ల వలన చెడుట మిక్కిలి సామాన్యము. మరగించి త్రాగుట అన్నిటికంటె నమ్మకమైన ఉపాయము. కాని లీటరు నీరు మరగించుటకు సుమారు ఒక కిలో కట్టెలు కావలెనని లెక్క. గ్యాసు బండ వెల తెలిసిన గృహిణికి ఈ లెక్క వేరుగా చెప్పనక్కరలేదు. ఎండకు మాత్రము బిల్లు లేదు.

ఎండలో పెట్టిన నీరు శుద్ధియగుననగానే నీరు కాగుట వలన క్రిములు చచ్చునని పలువురు తలంతురు. ఇది పూర్తిగా సరి కాదు. దీనికి సాక్ష్యము మన అద్దకపు షెడ్డులోనే కలదు. రంగు నూలును నీడలో ఆరవేయుదుమే గాని ఎండలో వేయము. రంగు తొట్టిలో సలసల కాగు నీటిలో ముంచినను చెదరని రంగు, చలికాలపు చల్లని ఎండలో కొన్ని దినములున్నచో వెలిసిపోవును. కావున రంగును చెరచునది వేడి గాదు, వెలుగు. ఆ వెలుగులో కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు కలవు. రంగు వెలియుటలో వీటిదే పెద్ద పాత్ర. నీటిలోని సూక్ష్మక్రిములను చంపునవియు ఇవియే. ఇవి క్రిమి లోపలి జీవపదార్థమును దెబ్బతీయును. మరియు నీటిలో కరగియున్న ప్రాణవాయువును తీక్ష్ణమొనర్చి, దానిచే క్రిమి పైపొరను పాడుచేయించును. నీరు వేడెక్కుట ఈ పనికి తోడ్పడును. 50 డిగ్రీల సెంటీగ్రేడు దాటినచో పని మిక్కిలి త్వరగా ముగియును.

దీనిని శాస్త్రీయముగా పరిశీలించినవారిలో మొదటగా చెప్పదగినవారు బీరూటులోని అమెరికన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆఫ్తిమ్ అక్రా, ఆయన సహచరులు. విరేచనముల రోగులకిచ్చు ఉప్పు పంచదార ద్రావణమును ఎండలో నుంచి క్రిమిరహితము చేయవచ్చునని 1980లో ప్రకటించిరి. పిమ్మట 1991 నుండి స్విట్జర్లాండులోని ఎవాగ్ అను జలపరిశోధన సంస్థవారు దీనిని సామాన్య గృహములకు పనికివచ్చు పద్ధతిగా తీర్చిదిద్దిరి. కెన్యా దేశములో మసాయి తెగ పిల్లలకు ఇట్టి నీరిచ్చి చూడగా విరేచనములు తగ్గినట్లు 1996లో ప్రచురితమయ్యెను.

పద్ధతి సులభము. రంగులేని, తెల్లని, స్వచ్ఛమైన ప్లాస్టికు సీసాలు కావలెను. అడుగున త్రికోణములో 1 అను అంకె గల పెట్ సీసా శ్రేష్ఠము. రెండు లీటర్లకు మించిన సీసా వలదు. నీటి లోతు పది సెంటీమీటర్లు దాటినచో కిరణముల బలము అడుగు వరకు చాలదు. ఆకుపచ్చ సీసా, గోధుమరంగు సీసా పనికిరావు. సీసాను కడిగి ముక్కాలు భాగము నీరు పోసి, మూత బిగించి, ఇరువది సెకండ్లు బాగుగా కుదుపవలెను. ప్రాణవాయువు నీటిలో కలియుటకే ఈ కుదుపుట. తరువాత నిండుగా పోసి మూతపెట్టి, రేకుల కప్పు మీదనో మేడ మీదనో పడుకోబెట్టవలెను. నిలువుగా నుంచరాదు. నిర్మలమైన ఆకాశమున్నచో ఆరు గంటలు చాలును. ఉదయము తొమ్మిదింటికి పెట్టి మూడింటికి తీయవచ్చును. మబ్బు సగమునకు మించియున్నచో వరుసగా రెండు దినములుంచవలెను. ఎడతెగని వానలో ఈ పద్ధతి పనికిరాదు.

నీరు తేటగా నుండుట ముఖ్యము. బురద నీటిలో క్రిములు మట్టి రేణువుల నీడన దాగికొనును. సీసాను వార్తాపత్రిక మీద నిలువుగా నుంచి, పైనుండి మూతి గుండా చూచినచో అడుగున పెద్ద శీర్షిక అక్షరములు కానరావలెను. కానరానిచో ముందు వడగట్టవలెను. ఇక్కడ మన వస్త్రమునకు ఒక గౌరవము దక్కినది. బంగ్లాదేశములోని మత్లబ్ ప్రాంతమున అమెరికా శాస్త్రజ్ఞురాలు రీటా కాల్వెల్, ఆమె సహచరులు పాత నూలు చీరను నాలుగు నుండి ఎనిమిది మడతలు వేసి చెరువు నీరు వడగట్టించిరి. కలరా క్రిమి నీటిలోని సూక్ష్మజీవులను అంటిపెట్టుకొని యుండును గనుక, ఆ జీవులతో బాటు అదియు గుడ్డలో చిక్కును. వడగట్టిన గ్రామములలో కలరా సుమారు సగమునకు, అనగా నూటికి 48 వంతులు, తగ్గినట్లు 2003లో ప్రకటించిరి. క్రొత్త చీరకంటె పాత చీరయే మేలు. పలుమార్లుతికిన నూలు పోగు విచ్చుకొని సందులు పూడ్చును. (నైలాను వలతో గూడ పరీక్షించిరి. ఫలితమున అది నూలు చీరను మించలేదు.) అయినను విడిగా తిరుగు క్రిమి గుడ్డ సందులలో దూరిపోవును. కావున గుడ్డ మొదటి మెట్టు, ఎండ రెండవ మెట్టు.

అయిదుగురు గల ఇంటికి దినమునకు పది పండ్రెండు లీటర్లు త్రాగునీరు కావలెననుకొన్నచో రెండు లీటర్ల సీసాలు ఆరు ఎండలోను, ఆరు వాడకములోను, మొత్తము పండ్రెండు వలెను. ఎండిన సీసాలోని నీటిని మరల బిందెలో పోయరాదు. సీసా నుండి గ్లాసులోనికి వంచుకొని త్రాగవలెను.

ఈ పద్ధతి నేర్పగానే అందరును పాటింతురని భ్రమపడరాదు. దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశములో గ్రామస్థులకు శ్రద్ధగా నేర్పి పరిశీలింపగా, మూడవ వంతు మంది మాత్రమే దీనిని నిలుపుకొనిరి. పిల్లల విరేచనములు గణనీయముగా తగ్గినట్లు నిరూపణ కాలేదు. ఇది 2009లో వెలువడినది. పద్ధతిలో దోషముకంటె, పెట్టుట తీయుట నిత్యమును మరచుటయే కారణమని మాకు తోచుచున్నది. నూలు చిలపలు ఆరవేయుటకు మేడ ఎక్కువారే సీసాలు తిప్పు బాధ్యత గైకొన్నచో ఇంటిలో మరపు తగ్గును.

ఇక మన కులవృత్తివారు విశేషముగా గమనింపవలసిన విషయము. ఎండ క్రిమిని చంపును గాని నీటిలో కరగిన లవణములను, లోహములను, రసాయనములను తీయజాలదు. అద్దకపు షెడ్డు ప్రక్క బావి నీటికి ఒక్కొక్కప్పుడు లేత రంగు కనబడును. ఆ నీటిని సీసాలో పోసి ఎండబెట్టినచో కొన్నాళ్లకు రంగు వెలిసి నీరు తెల్లబడవచ్చును. అది శుద్ధి కాదు. రంగు విడిపోయినను అందులోని పదార్థము రూపు మార్చుకొని నీటిలోనే యుండును. క్రోమియము వంటిది ఎంత ఎండకైనను పోవునది కాదు. తిరుప్పూరు అద్దకపు పరిశ్రమల మురుగుచే నొయ్యల్ నది ఎట్లు చెడినదో, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టువారు ఆ పరిశ్రమలను మూయింప నాజ్ఞాపించుట వరకు వచ్చినదో తమిళనాట నున్న మనవారికి తెలిసినదే. అట్టి బావి నీరు మానుకొనుటయే మార్గము.

ఫ్లోరైడు విషయమును ఇట్టిదే. షోలాపూరు, భివండీలలో నున్న మనవారిలో అనేకుల పూర్వుల ఊళ్లు తెలంగాణములోనివి. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగినవారిని చూడనివారరుదు. లీటరునకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని, వేరు నీరు దొరకనిచో 1.5 వరకు సహింపవచ్చునని మన దేశపు ప్రమాణము. సీసా ఎండబెట్టుట వలన ఇది తగ్గదు. పటిక, సున్నము వేసి తేర్చు ‘నల్లగొండ పద్ధతి’ని నాగపూరులోని నీరీ సంస్థవారు రూపొందించిరి.

ఉప్పును, ఫ్లోరైడును ఎండతోనే తీయవలెనన్నచో ఆవిరిపట్టు అద్దాలపెట్టె కావలెను. నల్లని తొట్టిలో నీరు పోసి ఏటవాలు అద్దము కప్పినచో, ఆవిరియైన నీరు అద్దమునకు పట్టి గాడిలోనికి జారును. చిలీ దేశపు లాస్ సాలినాస్ లో 1872లో గనులలో పనిచేయు పశువుల కొరకు ఇట్టి దానిని పెద్దయెత్తున కట్టి, దినమునకు ఇరువది వేల లీటర్లకు పైగా మంచినీరు తీసిరి. కాని చదరపు మీటరు అద్దమునకు మంచి ఎండలో మూడు నాలుగు లీటర్లకు మించి రాదు. ఒక ఇంటికి సరిపడవలెనన్న మూడు నాలుగు చదరపు మీటర్లు కావలెను. ఇది ఒక్కొక్క ఇంటికి గాక సంఘమునకు తగినది.

మరియొక జాగ్రత్త. ఆమ్లము, బ్లీచింగు, రంగు కలిపి వాడిన సీసాను ఎంత కడిగినను నీటికి వాడరాదు. నీటి సీసాల మూతలకు ఇండాంత్రీన్ నీలపు నూలు పోగొకటి కట్టియుంచినచో షెడ్డు సీసాలతో కలిసిపోవు. గీతలు పడి మసకబారిన సీసాలలో వెలుగు చొరదు గనుక వాటిని మార్చుచుండవలెను. ముసురు పట్టిన దినములలో సీసాలు దించి, నీరు మరగించియో, ఆరోగ్యశాఖవారు చెప్పిన కొలతకు క్లోరిన్ బిళ్లలు వేసియో త్రాగవలెను.