మీకు తెలుసా? మ్యాక్ వేడెక్కితే ‘కెర్నెల్ టాస్క్’ కళ్లెం వేస్తుంది

మ్యాక్ కంప్యూటర్ ఉన్నట్టుండి నత్తనడక నడుస్తోందా? యాక్టివిటీ మానిటర్ తెరిచి, ‘% సీపీయూ’ మీద నొక్కి చూడండి. ఒక్కోసారి పై వరసలో ‘కెర్నెల్ టాస్క్’ అనే పేరు, దాని పక్కన 300, 400 లాంటి అంకె కనిపిస్తాయి. 100 దాటిందని కంగారు పడొద్దు. అక్కడ ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్‌కు 100 శాతం చొప్పున లెక్క.

• కెర్నెల్ టాస్క్ వైరస్ కాదు, మ్యాక్ ఓఎస్‌లో భాగమే. ప్రాసెసర్ వేడిని అదుపులో ఉంచడం దీని పనుల్లో ఒకటి. వేడి పెరిగితే, ప్రాసెసర్‌ను ఎడాపెడా వాడేస్తున్న ప్రోగ్రాములకు అది అంతగా దొరక్కుండా చేస్తుంది. అంటే ఆ అంకె వేడికి కారణం కాదు, విరుగుడు. చల్లబడితే దానంతటదే దిగుతుంది.

• మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని యాపిల్ చెబుతుంది. మన మే నెలలో ఏసీ లేని గది ఆ హద్దును ఇట్టే దాటేస్తుంది.

• ల్యాప్‌టాప్‌ను పరుపు మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి. గాలి రంధ్రాలకు ఏదీ అడ్డు లేకుండా చూడండి. జాబితాలో కెర్నెల్ టాస్క్ కింద ఎక్కువ శాతం చూపిస్తున్న ప్రోగ్రాములను, అక్కర్లేని బ్రౌజర్ ట్యాబ్‌లను మూసేయండి.

• చల్లటి గదిలో, ఏ ప్రోగ్రామూ నడవకపోయినా అంకె దిగడం లేదా? ఫ్యానో, ఉష్ణోగ్రత సెన్సరో పాడై ఉండొచ్చు. సర్వీస్ సెంటర్‌లో చూపించండి.