విరిగిన తాళం చెవికి జిగురు వైద్యం వద్దు

షాపు షట్టర్ తాళంలో చెవి విరిగితే చాలు, సిబ్బందిలో ఎవరో ఒకరు ఫోన్ తీస్తారు. వాట్సాప్‌లో తిరిగే వీడియో ఉండనే ఉంది: అగ్గిపుల్ల కొసకు ఫెవిక్విక్ లాంటి జిగురు రాసి, లోపలి ముక్కకు ఆనించి, కాసేపాగి లాగితే ముక్క బయటికొస్తుందట. వీడియోలో వస్తుంది మరి! బల్ల మీద కొత్త తాళం, అందులో ముందే వదులు చేసి పెట్టిన ముక్క. ఏళ్ల తరబడి దుమ్ము తిన్న షట్టర్ తాళంలో మాత్రం ముక్క కదలదు, జిగురు లోపలికి దిగుతుంది. కొక్కెం పుల్లతో తేలిగ్గా అయిపోయే పనికి తాళాల మేస్త్రీ డ్రిల్లు తీయాల్సి వస్తుంది. యజమాని కొత్త తాళం కొంటాడు, తిట్లు మేస్త్రీకి పడతాయి.

ఎందుకిలా అవుతుందంటే, మామూలు సిలిండర్ తాళంలో ఐదో ఆరో పిన్నులు వరుసగా ఉంటాయి, వాటిని స్ప్రింగులు నొక్కుతుంటాయి. చెవి గాట్లలో ఆ పిన్నులు కూర్చుంటాయి. చెవి విరిగినా వాటి పట్టు పోదు. ఆ పట్టుతో పోటీ పడాల్సింది అగ్గిపుల్ల కొస మేర ఉన్న అతుకు. సహజంగానే అతుకే ముందు ఊడుతుంది. చాల్లేదని ఇంకో రెండు చుక్కలు వేస్తే, చెవికీ తాళానికీ మధ్య ఉన్న సన్నని సందులోకి జిగురు తనంతట తానే పాకి పిన్నులను బిగించేస్తుంది. అంతకుముందే ఎవరో నూనె పోసుంటే (పోసే ఉంటారు) జిగురు ఆ లోహానికి సరిగా పట్టనే పట్టదు.

తాళం సంగతి అలా ఉంచండి, పని చేసే మనిషి సంగతి చూడండి. ఈ జిగురులో ఉండేది సయనోఅక్రిలేట్. తేమ తగిలితే క్షణాల్లో గట్టిపడుతుంది. తాళం కన్నంలోకి తొంగిచూస్తూ ట్యూబు నొక్కేవాడి కంట్లో ఒక్క చుక్క చిందితే రెప్పలు అతుక్కుపోతాయి. ఈ వీడియోలు చెప్పని మరో సంగతి: ఇది నూలుకో ఉన్నికో తగిలితే వేడెక్కుతుంది. ఎక్కువ పడితే పొగ వచ్చి చర్మం కాలేంత వేడి పుడుతుంది. జాగ్రత్త కోసమని నూలు తొడుగులు వేసుకుని, దూది పుల్లకు జిగురు రాసే తెలివైనవారు దయచేసి గమనించాలి.

ఇప్పటికే ప్రమాదం జరిగి ఉంటే, అతుక్కున్న రెప్పలను బలవంతంగా విడదీయకండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. వేళ్లు అతుక్కుంటే గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. గుంజితే చర్మమే ఊడొస్తుంది.

ఇక చిల్లర అపోహలు. అయస్కాంతంతో లాగొచ్చంటారు. చెవుల్లో చాలావరకు ఇత్తడివే, ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు. లైటర్‌తో కాలిస్తే వదులవుతుందంటారు. తాళం వదులవ్వాలని అప్పుడే కొట్టిన కందెన స్ప్రే మండే రకమైతే వదులయ్యేది మీ కనుబొమలు. మిగిలిన సగం చెవితో తోసి తిప్పితే ముక్క ఇంకాస్త లోపలికి పోతుంది. కొబ్బరినూనె ఇవాళ జారుడుగా ఉంటుంది, రేపు దుమ్ము పట్టి జిడ్డవుతుంది. సిలిండర్ తాళానికి గ్రాఫైట్ పొడి మేలు.

సన్నని రంపం బ్లేడుతో లాగొచ్చన్న మాటను మాత్రం, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోవాలి. మేస్త్రీ వాడే కొక్కెం పుల్ల చేసే పనీ అదే: చెవి గాట్ల వైపు నుంచి దూరి, ఒక పంటికి తగులుకుని, ముక్కను తిన్నగా వెనక్కి లాగడం. అయితే గట్టి ఉక్కు బ్లేడు వంగదు, పుటుక్కున విరిగి ఎగురుతుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా, పట్టుకునే కొసకు టేపు చుట్టకుండా దాన్ని ముట్టొద్దు. అన్నిటికంటే ముందు తాళాన్ని చెవి పెట్టే స్థానానికి తిప్పాలి. సగం తిరిగిన తాళంలో నుంచి ముక్క ఏ పనిముట్టుకీ రాదు. దీన్ని మరిచిపోయి బలం చూపించేవాళ్లే ఎక్కువ. ముక్క కాస్త బయటికి కనిపిస్తుంటే సన్నమూతి ప్లయర్‌తో తిన్నగా లాగండి, చాలు.

యజమానులకు రెండు మాటలు. యంత్రం కీ స్విచ్‌లో చెవి విరిగితే మెయిన్ ఆపి, ఎవరూ మళ్లీ వేయకుండా కట్టడి చేశాకే చెయ్యి పెట్టించండి. ఆ సిలిండర్ వెనక కరెంటు ఉంటుంది. లిఫ్టు తలుపైతే లిఫ్టు మెకానిక్‌నే పిలవండి. అత్యవసర ద్వారం తాళంలో విరిగితే ‘వెనక తలుపే కదా, రేపు చూద్దాం’ అనకండి. 1911లో న్యూయార్క్‌లోని ట్రయాంగిల్ కుట్టు కర్మాగారం మంటల్లో 146 మంది చనిపోవడానికి ఒక కారణం తాళం వేసి ఉన్న తలుపు.

చెవి ఒక్కరోజులో విరగదు. గట్టిగా తిరుగుతోందని, మెడ దగ్గర వంగిందని ముందే చెబుతుంది. అప్పుడే కొత్తది చేయించండి, అదీ అరిగిపోయిన నకలు చూసి కాకుండా అసలు చెవి చూసి. ఎత్తులో ఉన్న తాళం కోసం కుర్రాణ్ణి స్టూలెక్కించి ‘ఎలాగోలా లాగు’ అనడం మానండి. ఆ వీడియో మీ గ్రూపులో మళ్లీ కనిపిస్తే ఫార్వర్డ్ చేయకుండా డిలీట్ చేయండి.