పాత ట్యాబ్లెట్టు, కొత్త వ్యవస్థ
2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలైన ప్రభుత్వ పథకం కింద జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలతో సహా రాష్ట్రమంతటా సర్కారు బడుల్లోని ఎనిమిదో తరగతి పిల్లల చేతికి వచ్చిన సాంసంగ్ ట్యాబ్లెట్లకు ఇప్పుడు వయసు మీద పడుతున్నందున, వాటిలో కొత్త ఆపరేటింగ్ సిస్టం, అంటే యంత్రభాగాలను, యాప్‌లను సమన్వయపరిచే మూల సాఫ్ట్‌వేర్, సరిగా నడుస్తుందా అన్న ప్రశ్న న్యాయమైనదే.

జవాబు ప్రధానంగా ర్యామ్‌పై, అనగా నడుస్తున్న పనులను తాత్కాలికంగా నిలుపుకొనే జ్ఞాపకశక్తిపై, ఆధారపడుతుంది. 2011లో 512 ఎంబీ ర్యామ్‌తో వచ్చిన ఐప్యాడ్ 2ను ఆపిల్ సంస్థ ఐఓఎస్ 4 నుంచి ఐఓఎస్ 9 వరకు తీసుకువెళ్లింది. అది ప్రశంసనీయమే అయినా, చివరి మెట్లలో ఆ పరికరం బాగా నెమ్మదించింది, పైగా పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే దారిని సంస్థ మూసివేయడంతో వినియోగదారులు చిక్కుబడ్డారు. ఇక పథకం కింద పిల్లలకిచ్చిన, 3 జీబీ ర్యామ్‌తో, ఆండ్రాయిడ్ 11తో 2021లో విడుదలైన సాంసంగ్ ఏ7 లైట్‌కు ఆండ్రాయిడ్ 14 వరకు అప్‌డేట్ అందింది.

మార్పు అందుబాటులో ఉండటం వేరు, హాయిగా నడవటం వేరు. అయితే నెమ్మదికి భయపడి భద్రతా సవరణలను, అంటే దొంగ ప్రోగ్రాములు చొరబడే లోపాలను పూడ్చే చిన్న అప్‌డేట్లను, తిరస్కరించడం ప్రమాదకరం. ట్యాబ్లెట్టున్న పిల్లల తల్లిదండ్రులందరూ పెద్ద మార్పుకు ముందు పాఠాలను, ఫొటోలను వేరే చోట భద్రపరచి, ఖాళీ స్థలం చూసుకొని, ఆ తరువాతే అంగీకరించాలి.