మొదటి పద్దు

2025 నవంబర్ 11న జూబ్లీహిల్స్‌లో ఉప ఎన్నిక జరిగింది. అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదన్న నిబంధన గురించి ఎన్నికలప్పుడు అందరూ మాట్లాడతారు. గెలిచినవారు వెళ్లి కూర్చునే సభ ఎవరి డబ్బుతో, ఎవరి నిబంధనలతో నడుస్తుందన్నది మాత్రం ఎవరికీ పట్టదు. రాష్ట్ర బడ్జెట్ పద్దుల్లో ఒకటో నంబరు శాసనసభదే. గవర్నర్, మంత్రిమండలి దాని తర్వాతే. స్పీకర్, డిప్యూటీ స్పీకర్ల జీతభత్యాలు 202వ అధికరణం ప్రకారం ఓటింగ్‌తో పని లేకుండా సంచిత నిధి నుంచి వెళ్తాయి. మిగతా ఖర్చుకు సభ ఆమోదం కావాలి. అయితే 203వ అధికరణం ప్రకారం గవర్నర్ సిఫారసు లేనిదే ఏ పద్దూ సభకు రాదు. గవర్నర్ సిఫారసు అంటే ఆచరణలో మంత్రివర్గం మాటే. లెక్కలు చూసే క్యాషియర్ జీతం ప్రొడక్షన్ మేనేజర్ దయ మీద ఆధారపడితే నిర్మాతకు అసలు ఖర్చు ఎప్పటికీ తెలియదని ఫిలింనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడ నిర్మాతలం మనమే.

ఈ ప్రమాదాన్ని మన పెద్దలు వందేళ్ల క్రితమే పసిగట్టారు. బ్రిటిష్ హయాంలో కేంద్ర శాసనసభ ఉద్యోగులు ప్రభుత్వ శాఖ కిందే పనిచేసేవారు. సభాధ్యక్షుడు విఠల్‌భాయ్ పటేల్ పట్టుబట్టడంతో 1929 జనవరి 10న సభకు సొంత సచివాలయం ఏర్పడింది. ఆ స్ఫూర్తే రాజ్యాంగంలో పార్లమెంటుకు 98వ, రాష్ట్ర సభలకు 187వ అధికరణమైంది. సిబ్బంది విడిపోయారు గానీ డబ్బు సంచి తాళం చేతికి రాలేదు. అమెరికాలో కాంగ్రెస్ తన ఖర్చుకు వేసుకున్న అంచనాను అధ్యక్షుడు ఒక్క అంకె కూడా మార్చకుండా బడ్జెట్‌లో చేర్చాలి. అలాంటి చట్టం మనకూ కావాలన్నదే నా వాదన.

ఆ తాళం సభ చేతికిస్తే సభ్యులు జీతాలు పెంచుకుంటారు కదా అంటారు. ఆ భయం సహేతుకమే. 2016లో తెలంగాణ ఎమ్మెల్యేలకు నెలకు మొత్తం రెండున్నర లక్షలు చేసినప్పుడు జనం గొణిగింది అందుకే. కానీ ఆ అంకెను విడదీసి చూడండి: జీతం 20 వేలు, నియోజకవర్గ భత్యం 2.30 లక్షలు. అంటే నియోజకవర్గంలో తిరగడానికి ఇచ్చిన దాంట్లో పదో వంతు కూడా జీతంగా లేదు. బిల్లు చదివి, లెక్కలు తవ్వి చెప్పే మనిషిని పెట్టుకోవడానికంటూ అందులో ప్రత్యేకంగా ఏమీ లేదు. 2025లో సవరించాక ఎంపీలకు కార్యాలయ భత్యం 75 వేలు. అందులో సహాయకుడి కోసం 50 వేలు. అమెరికా ప్రతినిధి 18 మంది శాశ్వత సిబ్బందిని పెట్టుకోవచ్చు. జీతాల పెంపు బెడదకు మందు ఇప్పటికే ఉంది: 2018 ఆర్థిక చట్టం ఎంపీల జీతాన్ని ధరల సూచీకి ముడిపెట్టింది. రాష్ట్రాలూ అలా చేస్తే జీతం సంగతి పక్కకు తప్పుకుంటుంది, సభ సామర్థ్యం సంగతి మిగులుతుంది.

గోల చేసి వాయిదా పడే సభకు ఇంత ఖర్చు ఎందుకన్నది రెండో అభ్యంతరం. సభ వాయిదా పడితే నష్టపోయేది ప్రశ్న అడగాల్సిన పక్షమే. మంత్రి వెనక ఒక శాఖ మొత్తం ఉంటుంది, సభ్యుడి వెనక ఎవరూ ఉండరు. గడువు ముగిసిందని చర్చ లేకుండానే పద్దులన్నీ ఒక్క ఊపున ఆమోదం పొందే రోజున ఆ తేడా తెలుస్తుంది. సభకు కేటాయింపు తగ్గిస్తే గోల తగ్గదు, ప్రశ్నలు తగ్గుతాయి. కాబట్టి జూబ్లీహిల్స్ ఓటరు తన ఎమ్మెల్యేని రోడ్ల గురించి, డ్రైనేజీ గురించి అడిగినట్టే, వచ్చే బడ్జెట్‌లో ఒకటో పద్దు మీద మాట్లాడమని, సభ్యుడికో పరిశోధకుణ్ణి ఇమ్మని, సభ ఖర్చుల పూర్తి లెక్క ఏటా తెలుగులో ప్రచురించమని అడగాలి.