పశువ్యాధి రాకముందే సమకూర్చుకోవలసిన 28 రోజుల మేత

మన దేశంలో లంపీ స్కిన్ వ్యాధి 2019లో తొలుత ఒడిశాలో నమోదై, 2020లో తెలంగాణలోనూ కనిపించింది. 2022లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాలలో పెద్ద సంఖ్యలో పశువులు మరణించాయి. ప్రధానంగా జోరీగలు, దోమలు, పిడుదుల ద్వారా సంక్రమించే ఈ వ్యాధి వానాకాలంలో ఉద్ధృతమవుతుంది. వ్యాధి సోకిన ప్రాంతంలో పశువుల తరలింపును, సంతలను నిలిపివేసే అధికారాన్ని 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రభుత్వానికి కల్పించింది. అయితే ఇంట మేత లేని రైతు పశువును కొట్టంలో కట్టి ఉంచలేడు. ఉమ్మడి బీడుకు తోలక తప్పదు. కనుక టీకా వలెనే మేత నిల్వ కూడా వ్యాధి నియంత్రణలో భాగమే.

జగిత్యాల జిల్లా ముత్యంపేట పరిసరాలలో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఇక్కడి నిజాం దక్కన్ షుగర్స్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన పిదప చెరకు రైతులు అనేకులు వరికి మళ్ళారు. చెరకు తగ్గిన మేరకు పశువులకు దక్కే పచ్చి మొవ్వ కూడా తగ్గుతుంది. కోతయంత్రం పొలంలో వదిలిన వరిగడ్డిని కట్టలు కట్టించి భద్రపరచనిచో అదీ మిగలదు.

లంపీ వ్యాధి పొదిగే కాలాన్ని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 28 రోజులుగా పరిగణిస్తుంది. మేత లెక్కను కనీసం ఈ వ్యవధికి వేసుకోవాలి. 400 కిలోల పశువుకు శరీర బరువులో 2.5 శాతం చొప్పున రోజుకు 10 కిలోల పొడి పదార్థం అవసరం. 10 పశువులకు 28 రోజులకు ఇది 2,800 కిలోలు. ఇందులో సగాన్ని 90 శాతం పొడి పదార్థం గల వరిగడ్డి ద్వారా అందించడానికి సుమారు 1,560 కిలోల గడ్డి కావాలి. మిగిలిన సగానికి 30 శాతం పొడి పదార్థం గల మొక్కజొన్న పాతరగడ్డి సుమారు 4,700 కిలోలు అవసరం. ఘనపు మీటరుకు 600 కిలోల చొప్పున 8 ఘనపు మీటర్ల పాతర సరిపోతుంది. పాల పశువులకు దాణా అదనం. నోటి పుండ్ల వలన ముతక గడ్డి నమలలేని పశువుకు మెత్తని పాతరగడ్డి, గంజి ఉపకరిస్తాయి.

పాతరగడ్డి మాగడానికి సుమారు 45 రోజులు పడుతుంది. అందువలన యాసంగి మొక్కజొన్నను గింజలోని పాలు గట్టిపడే దశలోనే కోసి, ముక్కలు చేసి, గాలి చొరబడకుండా తొక్కి మూసివేయాలి.

గోట్‌పాక్స్ టీకా వలన పూర్తి రక్షణ ఏర్పడటానికి సుమారు 3 వారాలు పడుతుంది. కాబట్టి వానలకు ముందే ఆరోగ్యవంతమైన పశువులకు వేయించాలి. గాలికుంటు టీకా 6 నెలలకొకసారి తప్పనిసరి. కొత్తగా కొన్న పశువును 28 రోజులు వేరుగా ఉంచాలి. జబ్బు పశువు పనిని చివరగా చేసి, కొట్టాన్ని 2 నుండి 3 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో శుద్ధి చేయాలి. చర్మంపై గడ్డలు కనిపించిన వెంటనే 1962 నంబరుకు గాని, సమీప పశువైద్యునికి గాని తెలియజేయాలి.

టీకా శిబిరానికి వెళ్ళే విస్తరణ శాస్త్రవేత్తలు, కోరుట్ల పశువైద్య కళాశాల విద్యార్థులు ప్రతి పశుపోషకుని చేత ఈ మేత లెక్కను కూడా వేయించినచో, వ్యాధి వచ్చిన నాడు పశువును ఇంటనే ఉంచమన్న సలహా ఆచరణసాధ్యమవుతుంది.